నాలుగడుగుల ఖాళీ

"సంతోష్‌కుమార్‌ని చంపేశారు," అన్నాడు కల్నల్ షరీఫుద్దీన్.

విశాఖపట్నంలో ఒక ఇరుకు ఆఫీసు. బయట బోర్డు పురుగుమందుల ఏజెన్సీది. లోపల జరిగేది కౌంటర్ ఇంటెలిజెన్స్. బల్లకు ఇవతల కూర్చున్నది ఏజెంట్ ఆబిద్. సంతోష్‌కుమార్ అతని బ్యాచ్‌మేట్.

"ఎలా, సర్?"

"లారీ గుద్దింది. నెంబర్ ప్లేటు లేని లారీ. పోయేముందు ఒక్క మెసేజ్ పంపాడు. 'వాళ్ళు ఇళ్ళ బొమ్మలు గీయిస్తున్నారు.'"

అదొక విదేశీ ముఠా. దాని నాయకుడి అసలు పేరు ఎవరికీ తెలియదు. డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న కోడ్ నేమ్ 'మేస్త్రీ'. రక్షణ శాఖ సైంటిస్టులే అతని టార్గెట్లు. దాడికి ముందు టార్గెట్ ఉండే ఇంటిని హోమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అచ్చంగా కట్టిస్తాడు. హంతకులు ఆ త్రీడీ ఇంట్లో తిరిగి రిహార్సల్ చేసుకుంటారు. మోడల్ సరిగ్గా కుదరకపోతే చిన్న ఊళ్ళలోని డిజైన్ షాపులకి పంపి బాగు చేయిస్తారు. అక్కడ ఎవరికీ అనుమానం రాదు.

"ఈసారి ఫైలు చోడవరంలో ఒక డిజైన్ షాపుకి వస్తోంది. నువ్వు ఆ షాపులో చేరు."

"ఎవరి ఇల్లు సర్?"

"నీకు తెలియనక్కర్లేదు."

అప్పుడే తలుపు తోసుకుని ఝాన్సీ వచ్చింది. ముదురు నీలం చీర, నల్లకళ్ళద్దాలు, గదిని నింపేసే సెంటు. ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి ఆమె.

"వాళ్ళు ఏ ప్రాబ్లమ్ పంపినా సాల్వ్ చెయ్," అంది ఝాన్సీ. "పని నచ్చితే నిన్ను కలవడానికి మేస్త్రీయే వస్తాడు. అప్పుడు పట్టుకుందాం."

ఆబిద్ తలూపాడు.

చోడవరం మెయిన్ రోడ్డులో ఎరువుల షాపు పై అంతస్తు. 'గౌతమి హోమ్ డిజైన్స్'. విశాఖలో ఉద్యోగాలు చేసుకుంటూ సొంతూళ్ళో డాబా వేసుకుందామనుకునేవాళ్ళు వచ్చేవారు. పునాది తవ్వకముందే ఇల్లంతా కంప్యూటర్‌లో కట్టి, గదిగదీ తిప్పి చూపించేది గౌతమి. రోజూ బుచ్చయ్యపేట నుంచి స్కూటీ మీద వచ్చేది. కొత్తగా చేరిన ఆబిద్‌ని పెద్దగా ప్రశ్నలేవీ అడగలేదు. అనకాపల్లి నుంచి బస్సులో వస్తున్నాడని తెలిసి క్యారియర్‌లో అతనికీ అన్నం తెచ్చేది. శుక్రవారం అతను నోరు తెరవకముందే, "నమాజుకెల్లి రండి ఆబిద్ గారూ, షాపు నేను సూసుకుంటాను," అనేది.

వేషం వెయ్యడం ఆబిద్‌కి కొత్త కాదు. వేషంలో ఉండి ఆ అన్నం తినడమే కష్టంగా ఉండేది.

ఫైలు రానే వచ్చింది. హైదరాబాద్ క్లయింట్ ఫామ్‌హౌస్ అని రాసి ఉంది. గౌతమి దానితో పొద్దుటి నుంచీ కుస్తీ పట్టింది. పైకప్పు మధ్యలో చీలిపోతోంది. వంటింటి నేలలో ఒకచోట కన్నం. గోడ ఎక్కడ గీసినా జరిగి పడకగది గోడకి అతుక్కుపోతోంది.

"ఏటో, ఈ ఇల్లు నా మాట ఇనట్లేదండి," అంది విసుగ్గా.

ఆబిద్ కుర్చీ లాక్కున్నాడు. ముందు గోడలు వాటంతటవే అతుక్కునే స్నాప్ ఆఫ్ చేశాడు. గదుల లోపలి కొలతలు కూడాడు. ఇంటి బయటి పొడవుతో పోల్చాడు. నాలుగడుగులు తేడా.

"కొలత తప్పేటండి?"

"కొలత కరెక్టే మేడం. సాఫ్ట్‌వేరే పొరబడుతోంది. రెండు గోడలు దగ్గరగా ఉంటే ఒకటే గోడ అనుకుని కలిపేస్తోంది. ఇక్కడ ఇంకో గది ఉంది. తలుపు బయటికి కనబడదు."

రెండు గోడల మధ్య సన్నటి గది గీశాడు. చీలిన పైకప్పు డబ్బా మీద మూతలా కూర్చుంది. "మీ సేతిలో ఏటుందో గానీ," అని గౌతమి మురిసిపోయింది. షాపు మెయిల్ నుంచి, ఆమె పేరు మీద, ఆబిద్ ఫైలు పంపేశాడు.

సాయంత్రం ఝాన్సీ మెసేజ్. 'ఎక్సలెంట్. మేస్త్రీ ఖుషీ.'

సంతోష్‌కుమార్ ఆత్మకి సగం శాంతి కలిగినట్టే అనిపించి ఆబిద్ ఆ రోజు హాయిగా నిద్రపోయాడు. తర్వాత చాలాకాలం అతన్ని కాల్చుకు తిన్నది ఆ నిద్రే.

కె.కోటపాడు రోడ్డులో చెరుకు తోటల మధ్య ఒంటరి ఇల్లు తవిటయ్యది. ఎక్కడో గవర్నమెంటు గుమస్తాగా చేసి రిటైరయ్యాడని ఊళ్ళో అనుకునేవారు. వంటగట్టు పొట్టిగా ఉండి నడుం నొప్పెడుతోందనీ, కొత్త డిజైన్ కావాలనీ ఫోన్ చేశాడు. గౌతమి, ఆబిద్ కొలతలకి వెళ్ళారు.

"రండమ్మా. ఇందాకే ఏసీ సర్వీసింగోల్లు వచ్చి ఎల్లేరు. ఇల్లంతా దుమ్ము," అంటూ తవిటయ్య టీకి నీళ్ళు పెట్టాడు.

హాల్లో నిలబడగానే ఆబిద్‌కి ఏదో తెలిసినట్టనిపించింది. మెట్ల పక్కన గుండ్రటి కిటికీ. దాని కింద అరుగు. ఎప్పుడు చూశాడు? మెట్లు కుడిపక్కన ఉన్నాయి. ఎడమపక్కన ఉంటే...

అది అదే ఇల్లు. ఎవరూ పోల్చుకోకుండా మోడల్‌ని అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తిప్పి పంపారు.

లేజర్ మీటర్ తీశాడు. వంటిల్లు కొలిచాడు. పడకగది కొలిచాడు. బయటికి వెళ్ళి గోడ కొలిచాడు. నాలుగడుగులు తేడా. చూడ్డానికి అది కొలతల మీటరే గానీ, రేడియో సిగ్నల్ ఉంటే పసిగట్టే ఏర్పాటు అందులో డిపార్ట్‌మెంట్ పెట్టింది. ఆ గోడకే తగిలించిన ఏసీ పెట్టె దగ్గరికి రాగానే ఎర్రలైటు గబగబా కొట్టుకుంది. సర్వీసింగుకి వచ్చినవాళ్ళు అందులో రిమోట్ బాంబు పెట్టి వెళ్ళారన్నమాట.

ఫోన్ తీసి కల్నల్‌కి చేస్తూ లోపలికి పరిగెత్తాడు. "సర్, తవిటయ్య ఎవరు?"

"ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"ఆయన వంటింట్లో ఉన్నాను."

"సబ్‌మెరైన్ సోనార్ సైంటిస్ట్. ఆబిద్, విను. ఆ ఇంట్లో సేఫ్ రూమ్ ఉంది. అలారం మోగితే ఆయన అందులోకి వెళ్ళిపోతారు. దాని సంగతి బయట ఎవరికీ తెలియదు."

"వాళ్ళకి తెలుసు సర్. నేనే చెప్పాను. గోడకి బాంబు పెట్టారు."

ఆ క్షణంలోనే అలారం మోగింది. తవిటయ్య టీ గిన్నె వదిలేసి అలమారా పక్కకి లాగాడు. వెనక స్టీలు తలుపు. ఆబిద్ అందుకునేలోపే అది మూసుకుపోయింది. గౌతమి కొయ్యబారిపోయి చూస్తోంది.

"అలారం మీరు మోగించారా సర్?" అని ఫోన్లో అడిగాడు ఆబిద్.

"లేదు. దాని కోడ్ ఇద్దరి దగ్గరే ఉంది. నా దగ్గర." కల్నల్ గొంతు తగ్గింది. "ఝాన్సీ దగ్గర."

వెంటనే రెండో కాల్. ఝాన్సీ. "ఆబిద్, బయటికి వచ్చెయ్. రోడ్డు మీద కార్లో ఉన్నాను. నువ్వు పనికొచ్చేవాడివి, నిన్ను పోగొట్టుకోవడం మేస్త్రీకి ఇష్టం లేదు."

"వస్తున్నా. చెప్పులు వేసుకుంటున్నా."

"చెప్పులు వదిలెయ్."

తన మాట ఆమెకి వినబడకుండా ఫోన్ మ్యూట్ చేసి జేబులో పడేసి తలుపు పక్కనున్న ఇంటర్‌కమ్ నొక్కాడు. "సర్, పాకం ముదిరిందా?"

"తీగ సాగుతోంది," అని లోపలి నుంచి జవాబు వచ్చింది. డిపార్ట్‌మెంట్ కోడే.

"వెంటనే బయటికి రండి. గోడకి బాంబు ఉంది."

"నీ కోడూ సరిగ్గానే ఉంది. అలారం కోడూ సరిగ్గానే వచ్చింది. రెండిట్లో ఒకటి అబద్ధం. దేన్ని నమ్మమంటావు బాబూ?"

ఆబిద్‌కి నేర్చుకున్న అబద్ధాలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఏదీ పనికిరాదు. పక్కన గౌతమి ఉంది.

"సర్, ఈ గది ఎక్కడుందో వాళ్ళకి మొదట తెలియలేదు. వాళ్ళ మోడల్ కుదరలేదు. నేను కుదిర్చాను. గౌతమి గారి షాపులో కూర్చుని, ఆవిడకి తెలియకుండా, ఆవిడ పేరు మీద పంపాను. బాగా చేశానని సంబరపడ్డాను కూడా. మిమ్మల్ని అందులో పెట్టి చంపబోతున్నది నేనే."

గౌతమి చేతిలోని కొలతల టేపు నేల మీద పడింది.

స్టీలు తలుపు తెరుచుకుంది. "తప్పు తన మీదేసుకుని పిలిసే దొంగ ఎవడూ ఉండడు. పద," అన్నాడు తవిటయ్య.

ముగ్గురూ పెరటి తలుపులోంచి చెరుకు తోటలోకి పడ్డారు. ఆబిద్ జేబులోంచి సన్నగా ఝాన్సీ గొంతు, "ఆబిద్? ఆబిద్?" తర్వాత భూమి అదిరింది. తలెత్తి చూసేసరికి వంటిల్లు లేదు. ఆ గది ఉన్నచోట పొగ, వంకర తిరిగిన స్టీలు.

ఝాన్సీ ఎంతో దూరం పోలేకపోయింది. కాలవ వంతెన మీద చెరుకు ట్రాక్టరొకటి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. అది డిపార్ట్‌మెంట్ ఏర్పాటేమీ కాదు. ఆ వంతెన మీద ట్రాక్టర్లు ఆగిపోవడం మామూలే. కల్నల్ ఫోన్‌తో చోడవరం నుంచి బయల్దేరిన పోలీసు జీపు వెనకనుంచి వచ్చింది. ఆమె ఫోన్లోనే మేస్త్రీ చిరునామా దొరికింది. జీపెక్కుతూ ఆబిద్ వైపు చూసి, "నేను తాళం తిప్పానంతే. తాళంచెవి చేసింది నువ్వు," అంది. అతను కాదనలేదు.

"ఫైలు ఆ అమ్మాయి మెయిల్ నుంచి వెళ్ళింది," అన్నాడు కల్నల్ మర్నాడు. "రిపోర్టులో అలాగే ఉండనీ. కొన్నాళ్ళు విచారిస్తారు, వదిలేస్తారు. నీ రికార్డు శుభ్రంగా ఉంటుంది."

"పంపింది నేను సర్. నా పేరే రాయండి."

"ఫీల్డ్ నుంచి తీసేస్తారు."

"తియ్యనివ్వండి."

కల్నల్ ఫైలు మూశాడు. "ఇల్లు ఎవరిదో నీకు చెప్పి ఉండాల్సింది," అన్నాడు చివరికి. అది ఏ రిపోర్టులోకీ ఎక్కలేదు.

విచారణ కోసం వేసిన సీలు గౌతమి షాపుకి తీసిన రోజు ఆబిద్ వెళ్ళాడు. ఆమె కంప్యూటర్ వైర్లు తగిలిస్తోంది.

"నా అన్నం తిని నా పేరు వాడుకున్నావు," అంది తలెత్తకుండా. మాటలో 'గారు', 'అండి' లేవు. "ఆ ముసిలాయన పోయుంటే నేనేటైపోదునో ఎప్పుడైనా అనుకున్నావా?"

"రోజూ అనుకుంటున్నాను."

"అనుకో. నువ్వు మంచోడివే కావొచ్చు. నా మెట్లు మాత్రం ఎక్కకు."

ఆబిద్ మెట్లు దిగాడు. తవిటయ్య బతికే ఉన్నాడని తనకి తాను చెప్పుకున్నాడు. నిజమే గానీ, గుండె మీద బరువు అంగుళం కూడా జరగలేదు.

అనకాపల్లి బస్సులో పక్క సీట్లో అప్పయమ్మ అనే ముసలావిడ కూర్చుంది. అతని ఒళ్ళోని ల్యాప్‌టాప్ సంచీ కేసి చూసి, "ఇంటి ప్లాన్లు గీస్తావేటి బాబూ? మా వోడు డాబా ఏత్తన్నాడు," అంది.

"నాకు రాదమ్మా."

"రాకపోతే అంత బరువెందుకు మోత్తన్నావు నాయనా," అంది అప్పయమ్మ. కిటికీ పక్క సీటు తనకిమ్మని అతన్ని లేపి, అందులో సర్దుకుని కూర్చుంది.