మ్యాపులో లేని గరిటెలవారి అమ్మాయి

"ఒక్కటేనా?"

వెనక నుంచి వచ్చిన ఆ ప్రశ్నకి అతను స్టూలు మీద నుంచి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చేతిలో ఎర్రచుక్కల స్టిక్కర్లు. ఎదురుగా గోడనిండా ప్రపంచపటం.

"ఏంటండీ ఒక్కటి?"

"ఈ ఊళ్ళో గరిటెలవాళ్ళ ఇల్లు ఒక్కటే ఉందని చుక్క పెట్టారుగా. ఎవరిదది?"

"మాదేనండీ."

"బావుంది. మీ చుక్క మీరు పెట్టుకుని మాది ఎగ్గొట్టారన్నమాట!"

అతను వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఒక అమ్మాయి. గొడుగు ఉన్నా సగం తడిసింది. చెవి పక్కన నీలం రంగు మరక ఉంది, అది ఉన్నట్టు ఆమెకి తెలిసినట్టు లేదు. ఆ మరక గురించి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ అతను సమాధానం చెప్పడం మర్చిపోయాడు.

"మిమ్మల్నేనండీ! మేమేమైనా గాల్లో ఉంటున్నామా?"

ఆ ఊరి లైబ్రరీలో రెండో అంతస్తు పాత రికార్డుల గది. ఓడల్లో వచ్చినవాళ్ళ పేర్ల రిజిస్టర్లు, బళ్ళ హాజరు పట్టీలు, చిరిగిపోయిన టెలిఫోన్ డైరెక్టరీలు, అన్నిటికీ కాపలా అతనే. మూడేళ్ళుగా తన ఇంటిపేరు వెంటపడ్డాడు. సముద్రాలు దాటిన గరిటెలవాళ్ళు ఇవాళ ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి పట్టుకున్నాడు. పదకొండు దేశాలు, మూడు వందల పన్నెండు ఇళ్ళు. లైబ్రరీలో అందరూ అతన్ని చుక్కలబ్బాయి అనేవారు.

"మీరు స్పెల్లింగ్ ఎలా రాస్తారండీ?"

"గారిటీ."

"గారిటీనా? డైరెక్టరీలో చూశాను. ఎవరో దొరలనుకుని వదిలేశాను."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "దొరలా! మా నాయనమ్మ వింటే ఇవాళ కాలు కింద పెట్టదు."

ఆమె షాపులకి బోర్డులు రాస్తుందట. సొంత వర్క్‌షాపు ఉంది. మెయిన్ రోడ్డులో బేకరీ దగ్గర్నుంచి పళ్ళ డాక్టరు దాకా అన్ని పేర్లూ తన చేతి కుంచెవేనంది. అంతలో ఆమె చూపు మ్యాపు కింద ఉన్న కార్డు మీద పడింది.

"ఇదేంటి? 'గరిటెలు తయారుచేసే ఇత్తడి పనివారి ఇంటిపేరు' అని రాశారు. తప్పు. మనవాళ్ళు గరిటెలు చేయలేదు, తిప్పారు. మా ముత్తాత వంటవాడు."

"కాదండీ. నలుగురు అన్నదమ్ములు, ఇత్తడి పని. నాలుగు ఓడల్లో నాలుగు దిక్కులకి వెళ్ళారు. రిజిస్టర్లలో ఉంది. మీ దగ్గర ఆధారం ఉందా?"

"ఉంది. మా నాయనమ్మ."

"నాయనమ్మలు ఆధారం కిందికి రారండీ."

"ఆ మాట మా ఇంటికొచ్చి ఆవిడ మొహం మీద అనండి. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తా."

అతని చేతిలోంచి ఒక స్టిక్కరు లాక్కుని, అతని చుక్క పక్కనే టపీమని అంటించి వెళ్ళిపోయింది. మూడు వందల పదమూడు.

ఆ తర్వాత ఆమెకి పాత రికార్డుల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది. ఒకరోజు పాత అక్షరాల నమూనాలు కావాలని, ఇంకోరోజు గొడుగు మర్చిపోయానని. ఆ గొడుగు ఆమె చేతిలోనే ఉందని అతను చెప్పలేదు. ఆమె వచ్చే వేళకి అతను రెండుసార్లు అద్దం చూసుకోవడం మొదలుపెట్టాడు. కాఫీ మెషిన్ దగ్గర నిలబడి చేశారా, తిప్పారా అని ఇద్దరూ గొంతులు పెంచుకుంటుంటే, చదువుకునేవాళ్ళు తలలెత్తి చూసేవాళ్ళు.

ఇంట్లో అమ్మ పసిగట్టింది. అతనికి ఉన్నది అమ్మ ఒక్కతే. ఆవిడ దగ్గర ఏదీ దాగదు.

"ఏరా, ఎవరా అమ్మాయి?"

"మన ఇంటిపేరేనమ్మా. గరిటెల."

అమ్మ మొహం వెలిగిపోయింది. "మనవాళ్ళా! ఈ ఊళ్ళోనా! ఆదివారం భోజనానికి తీసుకురా."

ఆదివారం ఆ అమ్మాయి చేతులకి రంగు లేకుండా, జుట్టు చక్కగా దువ్వుకుని వచ్చింది. గుమ్మంలోనే, "నమస్తే ఆంటీ," అంది.

"ఆంటీ ఏంటమ్మా పరాయిదానిలా! ఒకే ఇంటిపేరు మనది. పెద్దమ్మా అను. నాకు ఆడపిల్ల లేదన్న లోటు తీర్చావు." అమ్మ ఆమె బుగ్గలు పుణికి, గిన్నె చేతికిచ్చింది. "ఇదిగో, అన్నయ్యకి వడ్డించు."

అన్నయ్యకి నోట్లో ముద్ద గొంతు దిగలేదు. చెల్లెలు అతని కంచంలో కూర వేయబోయి మంచినీళ్ళ గ్లాసులో వేసింది.

భోజనమయ్యాక బస్టాపు దాకా తోడు వెళ్ళాడు. సన్నగా జల్లు పడుతోంది. ఒకే గొడుగు కింద ఇద్దరూ, మధ్యలో మూరెడు ఖాళీ.

"మీ అమ్మగారు 'అన్నయ్యకి' అని నాలుగుసార్లు అన్నారు," అంది ఆమె.

"ఐదు."

"మీకు నవ్వొచ్చిందా?"

"రాలేదు."

"నాకూ రాలేదు." కాసేపు రోడ్డు వంక చూసింది. "ఇంతకీ మీ మ్యాపు ఏమంటోంది?"

అతను నిజమే చెప్పాడు. "చుక్కలన్నీ ఒకే ఇంటి నుంచి వచ్చాయంటోంది. వచ్చే శనివారం నా ఉపన్యాసం దానిమీదే. 'ఒకే వేరు' అని చిన్న పుస్తకం కూడా అచ్చయిపోయింది."

"అయితే మనం..."

"ఐదు తరాల వెనక ఎక్కడో... తెలీదు. నేనింకోసారి చూస్తాను. మీ చుక్క విషయంలో ఏదో ఒకటి..."

"వద్దు," అందామె గట్టిగా. "నాకోసం లెక్క మార్చకండి. బోర్డు మీద ఒక్క వొంపు తేడా వస్తేనే నాకు వారం రోజులు మనసు మనసులో ఉండదు. ఇంత పెద్ద తప్పు రాసి, దాని కింద మనం కాపురం..."

నాలిక కరుచుకుంది. అదే సమయానికి బస్సు వచ్చింది. ఆమె ఎక్కేసింది. గొడుగు ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదు.

సోమవారం ఆమె రాలేదు. మంగళవారమూ రాలేదు. కాఫీ మెషిన్ దగ్గర ఎవరూ పోట్లాడుకోకపోయేసరికి చదువుకునేవాళ్ళే దిగులుపడ్డారు.

అతను రిజిస్టర్లన్నీ మళ్ళీ తిరగేశాడు. వంటపని చేసే గరిటెల మనిషి కోసం ప్రతి ఓడా వెతికాడు. లేడు. మిగతా మూడు వందల పన్నెండు ఇళ్ళకీ మూలపురుషుడు ఏదో ఒక ఓడలో దొరుకుతున్నాడు. ఆ ఒక్క ఇంటికే దొరకడం లేదు. బుధవారం మధ్యాహ్నం దాకా అదే చూసిన అతనికి అప్పుడు తట్టింది. మనిషి రాకుండా ఇల్లు ఎలా వస్తుంది? వచ్చే ఉంటాడు. ఇంకో పేరుతో వచ్చి ఉంటాడు!

పరుగులాంటి నడకతో వర్క్‌షాపుకి వెళ్ళాడు. వెనక గదిలో నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. కుంచెలు కడుగుతున్న ఆ అమ్మాయి అతన్ని చూసి, కడిగిన కుంచెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"నాయనమ్మలు ఆధారం కాదన్న అబ్బాయి ఇతనేనా?" అంది నాయనమ్మ తలెత్తకుండా.

"తప్పయిపోయిందండీ. మీ మామగారు ఓడ దిగినప్పుడు ఆయన ఇంటిపేరు ఏంటో చెప్తారా?"

"వెదుళ్ల."

కుంచె కిందపడింది.

"మరి గరిటెల?" అంది మనవరాలు.

"రేవులో పనిచేసేవాళ్ళకి వంట చేసేవాడు మా మామగారు. మూడొందలమంది తిండి. ఎవడైనా వరస తప్పి ముందుకొస్తే వేళ్ళ మీద గరిటెతో ఒక్కటిచ్చేవాడు. అందరికీ గరిటె మామే. పిల్లల్ని బళ్ళో వేసేటప్పుడు పంతులుగారు ఇంటిపేరు అడిగితే అదే రాయించాడు. వెదుళ్ల అంటే ఇక్కడెవడికి తెలుసు, గరిటె అంటే అన్నం గుర్తొస్తుంది అనేవాడట."

"నాయనమ్మా! ఇన్నేళ్ళూ చెప్పలేదేంటి!"

"నువ్వడిగావా? చేశారా తిప్పారా అనడిగావు. తిప్పారన్నాను. అంతకుముందు ఏంటని ఒక్కరైనా అడిగితేగా?"

అతను లైబ్రరీకి వెళ్ళి, గంట తిరక్కుండా రెండు జిరాక్సులతో తిరిగొచ్చాడు. ఒకటి ఓడ రిజిస్టరు: వెదుళ్ల, ఇరవై రెండేళ్ళు, వంటవాడు. రెండోది బడి పట్టీ: గరిటెల, ఆరేళ్ళు, తండ్రి రేవులో వంటవాడు. రెండిట్లోనూ వంటవాడి సొంత పేరూ, ఆయన పుట్టిన ఊరూ ఒకటే.

అతని మొహం వెలిగిపోతోంది. ఆమె మొహం మాత్రం వాడిపోయింది.

"అంటే నేను గరిటెల అమ్మాయినే కాదా? అంత దెబ్బలాడి పెట్టించుకున్న చుక్క..."

"మీరు కాకపోతే ఇంకెవరండీ? మావాళ్ళు గరిటెలు చేసి అమ్ముకున్నారు. మీ ముత్తాత గరిటె పట్టుకుని మూడు వందలమంది చేత పేరు పెట్టించుకున్నాడు. మీ చుక్క ఎక్కడికీ పోదు. రంగు మారుతుందంతే."

"మరి 'ఒకే వేరు' పుస్తకం?"

"అది తప్పు," అన్నాడు. మూడేళ్ళ కష్టాన్ని అంత తేలిగ్గా తప్పనగలిగినందుకు అతనే ఆశ్చర్యపోయాడు.

లైబ్రరీ పెద్దాయన తేలిగ్గా తీసుకోలేదు. అచ్చయిన రెండు వందల పుస్తకాలు చూపించి తల పట్టుకున్నాడు. "ఉపన్యాసం అయిపోనివ్వు. తర్వాత నెమ్మదిగా దిద్దుకోవచ్చు," అన్నాడు.

"తప్పని తెలిశాక చెప్పలేనండీ, నోరు రాదు," అన్నాడు అతను. రెండు రోజులు కూర్చుని ప్రతి పుస్తకంలోనూ చేత్తో రాసిన సవరణ చీటీ అంటించాడు.

శనివారం మధ్యాహ్నం హాలు నిండింది. ముందు వరసలో అమ్మ, ఆ పక్క కుర్చీలో నాయనమ్మ. చివరి వరసలో తలుపు పక్కన ఆ అమ్మాయి.

"ఈ ఇంటిపేరుకి ఒకే వేరని మూడేళ్ళు నమ్మాను," అని మొదలుపెట్టాడు. "పొరపాటుపడ్డాను. ఇద్దరు సంబంధం లేని మనుషులు రెండు దారుల్లో ఒకే పేరుకి చేరారు. ఒకరు ఇత్తడి పనివారు. ఒకరు వంటవారు. పేరు ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం ఉందని కాదు. నాకీ సంగతి రిజిస్టర్లు చెప్పలేదు. ఒక నాయనమ్మ చెప్పారు."

ముందు వరసలో అమ్మ లేచి నిలబడింది.

"ఒరే, ఉండుండు. అంటే ఆ అమ్మాయి నీకు చెల్లెలు కాదా?"

"కాదమ్మా."

"ఏ వరసనా?"

"ఏ వరసనా కాదమ్మా!"

మైకులో ఆ మాట హాలంతా మారుమోగింది. అందరూ గొల్లున నవ్వారు. పెద్దాయన కూడా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "మరి ముందే చెప్పొద్దూ! పాపం పిల్ల చేత పెద్దమ్మా అనిపించుకున్నాను," అని అమ్మ లెంపలేసుకుని, పక్కనున్న నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి, చివరి వరసకీ వినిపించేలా పెళ్ళి మాటల్లోకి దిగిపోయారు. ఉపన్యాసం మిగతా సగం వాళ్ళిద్దరూ వినలేదు.

చప్పట్లు ముగిసేసరికి చివరి వరసలో తలుపు పక్క కుర్చీ ఖాళీ.

అతను మెట్లు రెండేసి చొప్పున దిగాడు. రెండు వీధుల అవతల, కొత్తగా పెడుతున్న గడియారాల షాపు ముందు నిచ్చెన మీద కనిపించిందామె. ఆకాశం నల్లగా ముసురుకుంటోంది. బోర్డులో ఇంకో రెండక్షరాలు మిగిలాయి.

"అలా వచ్చేశారేంటండీ? మా అమ్మ ఒప్పుకుంది. మీ నాయనమ్మగారు ఒప్పుకున్నారు. నా ఉద్యోగం ఊడిపోతుందనుకున్నాను, పెద్దాయన కూడా పెళ్ళికొచ్చి అక్షింతలు వేస్తానన్నాడు. అందరూ..."

"అందరూ అంటే?" కుంచె ఆగలేదు.

"అంటే... అందరూ."

"వేళ్ళు తవ్వారు. రంగులు మార్చారు. హాలంతా మైకులో వినేలా చెల్లెలు కాదన్నారు. మీ అమ్మగారు, మా నాయనమ్మ ముహూర్తం దాకా వెళ్ళిపోయారు." ఆమె అతని వైపు తిరిగింది. కళ్ళలో కోపం, దాని వెనకాల ఇంకేదో. "నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు."

మూడు వందల పదమూడు ఇళ్ళ తలుపులు తట్టినవాడు, అడగాల్సిన మనిషిని అడగడమే మర్చిపోయాడు.

నిచ్చెన దగ్గరికి వచ్చి, తల పైకెత్తి, "నాకు మీరంటే ఇష్టం," అన్నాడు. "మీరొచ్చి ఎందుకు ఎగ్గొట్టారని అడిగిన రోజు నుంచీ. మీ పేరు గరిటెల అయినా, వెదుళ్ల అయినా, గారిటీ అయినా. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

మొదటి చినుకు నిచ్చెన మీద పడింది.

"ఈ అక్షరం పూర్తయ్యేదాకా మాట్లాడకండి," అందామె బోర్డు వైపు తిరిగి. "చెయ్యి వణుకుతోంది."

అతను నిచ్చెనకి తగిలించి ఉన్న గొడుగు తీసి విప్పి, చెయ్యి సాగినంత ఎత్తుకి లేపి, తడి రంగు మీద చినుకులు పడకుండా పట్టుకున్నాడు. వాన అతని తల మీద నుంచి కాలర్‌లోకి దిగింది. ఆమె ఆ అక్షరం రాసింది. తర్వాతదీ రాసింది. తీరిగ్గా కుంచె తుడిచింది.

"ఇప్పుడు?" అన్నాడు, ముక్కు మీది నీళ్ళు ఊదేసుకుంటూ.

"ఇంకా వణుకుతూనే ఉంది," అంది ఆమె నవ్వుతూ, ఆ చేతిని కిందికి చాచి. "పట్టుకో. దిగాలి."