పలకని గుడ్లగూబ

"జాగ్వార్, నక్క, బాతు, గుడ్లగూబ. నాలుగూ ఆ రూపాల్లో చేసిన పెరూ దేశపు మట్టి కుండలు. పదిహేను వందల ఏళ్ళ నాటివి," అన్నాడు నిఘా విభాగం చీఫ్ శ్యామ్‌సుందర్. "ఎగ్జిబిషన్ అయిపోయింది, మధ్యాహ్నం ఫ్లైట్‌కి వెళ్ళిపోతాయి. ఒకదాని లోపల మన శాటిలైట్ కోడ్స్ ఉన్న చిప్ దాచారు. అన్నీ ఆపితే పెరూ ఎంబసీ ఊరుకోదు. ఒక్కటే ఆపగలం, జితేందర్."

"అది ఏ కుండో త్రివేణి చెప్తుంది సర్."

త్రివేణి పాత కుండలకు మరమ్మతులు చేసే నిపుణురాలు. విదేశీ ముఠాలో ఉంటూ జితేందర్‌కు రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. ఈ మిషన్ అయ్యాక జితేందర్ పెళ్ళి చేసుకోబోయే మనిషి.

ఎయిర్‌పోర్ట్ దగ్గర షాంటిలీ అనే ఊళ్ళోని గోడౌన్‌లోకి జితేందర్ లోడర్ వేషంలో, పెట్టుడు మీసంతో వెళ్ళాడు. చెవిలో దాచిన ఇయర్‌పీస్ గరగరలాడింది.

"గొడుగు తెచ్చావా?" త్రివేణి గొంతు.

"వాన వెలిసింది," కోడ్ పూర్తి చేశాడు. "ఏది?"

"జాగ్వార్. త్వరగా కానీయ్ జితూ, ట్రక్ వచ్చేసింది."

జాగ్వార్‌ని చేతిలోకి తీసుకున్నాడు. ఇవన్నీ ఈలకుండలు. ఊదితే జంతువు పలుకుతుంది. లోపల ఏదైనా అడ్డుపడితే పలకదు. ఆ సంగతి ఓ ఆదివారం ఆమే నేర్పింది, అతని భుజం మీద గడ్డం ఆనించి.

ఊదాడు. జాగ్వార్ సన్నగా ఈల వేసింది.

లోపల ఏమీ లేదు. త్రివేణి అబద్ధం చెప్పింది. జితేందర్ మిగతావీ ఒక్కొక్కటే ఊదాడు. నక్క పలికింది. బాతు కూడా పలికింది. గుడ్లగూబ నోరు విప్పలేదు.

మిగిలిన మూడింటినీ ట్రక్ ఎక్కించారు. గుడ్లగూబ కోసం ఒకడు చేయి చాచాడు. జితేందర్ బ్యాడ్జ్ తీశాడు. "ఇది వెళ్ళదు."

దాని గొంతులోంచి చిప్ బయటికి తీస్తుంటే, ఎర్రకోటులో త్రివేణి గుమ్మం దగ్గర నిలబడింది. పారిపోలేదు.

"మొదట్నుంచీ వాళ్ళ మనిషివేనా?"

"మొదట్లో వాళ్ళ మనిషినే. తర్వాత... నాకే తెలీలేదు జితూ."

"ఆదివారాలు కూడా నటనేనా?"

ఆమె మాట్లాడలేదు. కాటుక చెదిరింది. సంకెళ్ళు అతనే వేశాడు, మణికట్టు ఒరుసుకోకుండా.

సాయంత్రం చీఫ్ అభినందించాడు. జితేందర్ కార్‌లో కూర్చుని స్టార్ట్ చేయడం మరిచిపోయాడు.

అరెస్టయిన వాళ్ళకు ఒక ఫోన్ చేసుకోనిస్తారు. త్రివేణికి ఈ దేశంలో కంఠతా వచ్చిన నంబర్ ఒక్కటే.

జితేందర్ జేబులో సెల్ మోగింది.