పరుపు కింద రొట్టెలు

దులుపుదామని కూతురి పరుపు ఎత్తింది బెర్మెట్. కింద ఒక తలగడ గలీబు... దాని నిండా రొట్టెముక్కలు, నూనెలో వేయించిన బోర్సోకులు! కొన్ని రాళ్ళలా ఎండిపోయాయి, కొన్ని నిన్నటివే. పదహారేళ్ళ పిల్ల ఇంత తిండి ఎందుకు దాచినట్టు?

ఎదురింట్లో ఉండే ఆడబడుచు జిపార్ వారం రోజులుగా చెవి కొరుకుతూనే ఉంది. "వదినా, నీ కూతురి వాలకం చూశావా? ఇంట్లో కూడా ఆ పెద్ద కోటే! మొహం పీక్కుపోయింది. ఎవడో ఉన్నాడు. నరీన్ పట్నం బస్టాండెంత దూరం గనక! నీ కళ్ళు గప్పి లేచిపోతుంది చూడు."

బెర్మెట్ పైకి కొట్టిపారేసింది గానీ అనుమానం ఊరుకుంటుందా? కూతురి ఫోను వెతికింది, పుస్తకాలు వెతికింది, బడి దాకా చాటుగా వెంట నడిచింది. ఏమీ దొరకలేదు. ఇవాళ దొరికింది!

కూతురు కుందుజ్ బడి నుంచి రాగానే బెర్మెట్ ఆ మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. అంత కోపంలోనూ రొట్టెను నేలమీద పెట్టడానికి చెయ్యి రాలేదు.

"ఎవడే వాడు? ఎప్పుడు పోతున్నారు?"

"ఎవడమ్మా?"

"నాటకాలాడకు! దారిలో తినడానికి కాకపోతే ఇదంతా ఎందుకే?"

కుందుజ్ తల దించుకుంది. "అవి... నువ్వు నాకు పెట్టినవే. తిన్నట్టు నటించి జేబులో వేసుకునేదాన్ని."

"వద్దనుకుంటే పారెయ్యొచ్చుగా!"

"రొట్టెను చెత్తలో వెయ్యమంటావా? పాపం కదూ! పిట్టలకు వేద్దామంటే ఎదురింటి అత్త కిటికీ దగ్గర్నుంచి కదలదు..."

బెర్మెట్ బలవంతంగా ఆ కోటు విప్పించింది. అమ్మో! జబ్బలు పుల్లలు... భుజాల ఎముకలు పొడుచుకొచ్చాయి. ఎన్నాళ్ళయింది బిడ్డను దగ్గరకు తీసుకుని!

"వసంతంలో పెళ్ళిలో అన్నావు కదమ్మా... 'మా దానికి రెండు కుర్చీలు వెయ్యండి' అని. అందరూ నవ్వారు. ఆరోజు నుంచి ముద్ద దిగడం లేదు. ఇప్పుడు తిందామన్నా భయం... నీకు నచ్చాలంటే ఇంకా ఎంత తగ్గాలమ్మా?"

"నా నోరు పడిపోను!" బెర్మెట్ కూతురి పక్కన కూర్చుంది. గబుక్కున ఒక బోర్సోకు తుంచి పిల్ల నోటి దగ్గర పెట్టబోయింది. ఆ కళ్ళలో బెదురు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దులే తల్లీ, బలవంతం చెయ్యను. డాక్టరమ్మ దగ్గరికి వెళదాం. నేను చేసింది నేనే చెబుతాను."

ఇంతలో కిటికీ తట్టిన చప్పుడు. జిపార్!

"ఏంటి వదినా గొడవ? పిల్లను ఇలా చేసిందెవడో తేలిందా?"

"తేలింది జిపార్. ఇంకెవరూ కాదు... నేనే!"

కిటికీ మూసేసి, కూతురి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది బెర్మెట్. కుందుజ్ చెయ్యి విడిపించుకోలేదు.