మెట్ల కింద నీలం గది

ఆ ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే రోడ్డుకు అవతలి పక్క నుంచి నడుస్తారు. వీధిలో ఆఖరి ఇల్లు అది. మెట్ల కింద ఒక గది... ఆ గదికి ఒకటే కిటికీ... కిటికీలో రాత్రంతా నీలం వెలుగు.

పాలవాడు ప్యాకెట్లు గేటుకు తగిలించి వెనక్కి చూడకుండా పోతాడు. తెల్లవారని ఆ వేళలో లోపలి నుంచి చప్పుడు వస్తుంది. గాజు మీద ఎవరో కొడుతున్నట్టు—

టక్... టక్.

అంతే. మళ్ళీ ఏమీ ఉండదు.

ఆ చప్పుడు ఎవరిదో వీధివాళ్ళకు అనుమానం లేదు. పోయిన ఇంటాయనదే.

ఇదంతా మా చిన్నమామయ్య చెప్పిందే. ఇళ్ళల్లో చేపల ట్యాంకులు శుభ్రం చేయడం ఆయన పని. నేను ఆ పనిలో దిగుతానని ఎగిరినప్పుడు, ట్యాంకు ఎంత, ఉప్పు ఎంత, లాభం ఎంత అని లెక్కలు వేసి చూపిస్తుంటే, "లెక్కలు తర్వాత వేద్దువుగాని, ముందు ఇది విను," అని మొదలుపెట్టాడు.

ఆ ఇంటాయనకు పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ గదిలో గోడ పొడవునా ఉప్పునీటి ట్యాంకు. అందులో ఒకే ఒక్క జీవి, మోరే ఈల్. చూడ్డానికి పాము, పుట్టుకకు చేప. పక్కన దేన్ని వేసినా మింగుతుంది. పగలంతా రాళ్ళ సందులో పడుకుని చీకటి పడ్డాకే తల బయట పెడుతుంది. చూపు అంతంతమాత్రం, వాసనే దానికి దారి. రొయ్యకూ రొయ్య పట్టుకున్న వేలికీ దానికి తేడా తెలియదు. అందుకే పొడుగు పట్టకారుతో అందించాలి.

ఆయన ముందుగా ఆ పట్టకారుతో అద్దం మీద కొట్టేవాడు. టక్, టక్. ఈల్ జారుకుంటూ వచ్చేది.

"రండి అల్లుడుగారూ, వడ్డించేశాం!" అనేవాడు.

"నాకు ఏనాడన్నా ఇంత మర్యాదగా వడ్డించారా?" అని భార్య గుమ్మంలోంచి దెప్పేది.

"నువ్వూ కరిస్తే, నీకూ పట్టకారుతోనే పెడతాను."

అలా ఆ చేపకు అల్లుడనే పేరు ఖాయమైంది.

తర్వాత ఆయన జబ్బు పడ్డాడు, పోయాడు. కింద వాటాలో ఉండే తమ్ముడు, "ఆసుపత్రికి ముందే ఎందుకు తీసుకెళ్ళలేదు?" అన్నాడు. "నువ్వు కింద ఉండి ఏం చేస్తున్నావు?" అంది వదిన. ఆ రెండు మాటలే. ఆ తర్వాత ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆవిడ పై వాటా, అతను కింది వాటా, మధ్యలో మెట్ల కింద అల్లుడు.

కొన్ని నెలలకు ఆవిడ మామయ్యను పిలిపించింది.

మామయ్య గది తలుపు తీయగానే కుళ్ళు వాసన ముక్కులో గుచ్చుకుంది. నీళ్ళు మసకబారాయి. అడుగున తిని కక్కిన రొయ్య ముక్కలు. అల్లుడు రాళ్ళ సందు వదిలేసి పైకి వచ్చి, నీళ్ళ అంచున నోరు తెరుస్తూ మూస్తూ వేలాడుతున్నాడు. పొట్ట తిత్తిలా ఉబ్బింది.

"ఎన్నాళ్ళకోసారి పెడుతున్నారక్కా?"

"రోజూ. భోజనాలయ్యాక."

"రోజూనా! దీనికి వారానికి ఒక్కసారి చాలక్కా. నోరు తెరిచేది ఊపిరి కోసం, ఆకలికి కాదు."

ఆవిడ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"నేనూ అలాగే పెట్టేదాన్ని తమ్ముడూ. కానీ... ఆయన ఊరుకోవట్లేదు."

"ఎవరు?"

"తెల్లవారుజామున వస్తున్నారు. అద్దం కొడుతున్నారు. పొద్దున్న చూస్తే పట్టకారు తడిగా ఉంటోంది. 'అల్లుడు జాగ్రత్త' అని ఆఖరి మాటగా నాకే చెప్పారు... నేను సరిగా చూడట్లేదనేగా ఆయనే వస్తున్నారు? అందుకని రోజూ పెడుతున్నాను. అయినా వస్తున్నారు. ఇంకోటి ఎక్కువ పెడుతున్నాను. అయినా—"

మామయ్య గది మూలలు ఓసారి చూసుకున్నాడు. అయినా అడిగాడు.

"ఒక్కసారన్నా దిగి చూడలేదా అక్కా?"

"చూస్తే... ఇక రారేమోనని."

మామయ్య నీళ్ళు మార్చాడు. అడుగంతా తోడాడు. చేప పరిస్థితి ఆయనకు నచ్చలేదు. "ఈ రాత్రి దీని నోట్లో ఇంకో ముక్క పడిందా, బతకదు," అన్నాడు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "ఇక్కడే ఉండు తమ్ముడూ. ఆయనకు నువ్వే చెప్పు. నా మాట వినరు."

దెయ్యానికి చెప్పాలట! పారిపోదామని ఉన్నా, ఆ చేతులు వదిలించుకోలేక ఒప్పుకున్నాడు.

బకెట్టు బోర్లించుకుని ట్యాంకు పక్కన నక్కి కూర్చున్నాడు. ఆవిడ పైకి వెళ్ళింది. మోటారు గుర్రుగుర్రుమంటోంది. నీలం వెలుగులో ఈల్ నోరు తెరుస్తోంది... మూస్తోంది... చూసి చూసి కునుకు పట్టింది.

ఎప్పుడో మెలకువ వచ్చింది. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

వెనక గోడకు ఒక తలుపుంది. అది ఏళ్ళ క్రితమే బిగుసుకుపోయిందని ఆవిడే చెప్పింది. ఆ తలుపు... తెరిచి ఉంది.

ట్యాంకు ముందు ఒక మనిషి. అదే ఎత్తు. అదే వంగిన భుజం. చేతిలో పట్టకారు.

టక్... టక్.

మామయ్య అరుద్దామనుకున్నాడు. అరవలేక గోడకు అతుక్కుపోయాడు. ఆ మనిషి నీళ్ళ మీదికి వంగి, గుసగుసగా అన్నాడు—

"రండి అల్లుడుగారూ... వడ్డించేశాం..."

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇన్నాళ్ళూ చూడనిది ఆ రాత్రి ఉండబట్టలేకపోయినట్టుంది.

"వచ్చారా..." అంది. చాలా మెల్లగా. "నామీద కోపం పోయిందా?"

ఆ ఆకారం చేతిలోంచి పట్టకారు జారి నేల మీద ఖణేల్మంది.

మామయ్య గోడ తడిమి లైటు వేశాడు.

మరిది. చేతిలో గిన్నె, గిన్నెలో రొయ్యలు. వెనక, కింది వాటాలోకి తెరుచుకున్న ఆ తలుపు.

అతనే, నేల చూపులు చూస్తూ, గొణిగాడు.

"అల్లుడు జాగ్రత్త అని అన్నయ్య నాకు చెప్పాడు వదినా... మీరు నిద్రపోయాక పెట్టిపోదామని..."

ఆవిడ కింద పడ్డ పట్టకారు వైపు చూసింది.

"మొదట్లో ఎప్పుడో ఒకసారి పెట్టేవాణ్ణి. కానీ రోజూ భోజనాలయ్యాక అన్నయ్య వచ్చి అద్దం కొడుతున్నాడు. నేను మర్చిపోయానని గుర్తు చేస్తున్నాడనుకుని—"

"అది నేను," అంది ఆవిడ.

అతను తలెత్తాడు.

మామయ్యకు నవ్వు తన్నుకొచ్చిందట. దెయ్యం లేదు, గియ్యం లేదు, హమ్మయ్య! ఒకరి చప్పుడుకు ఒకరు జడిసి, పోటీపడి మేపారు. 'పెట్టావా?' అని ఒక్క ముక్క అడిగుంటే పోయేదిగా అనబోయాడు. వాళ్ళ మొహాలు చూసి నోరు మూసుకున్నాడు.

అప్పుడు చూశాడు ట్యాంకు వైపు. నోరు తెరుచుకునే ఉంది. మూసుకోవట్లేదు. ఆ పెద్ద ఒళ్ళు మెల్లగా పక్కకు తిరిగి, తెల్లటి పొట్ట పైకి తేలింది.

"అల్లుడు పోయాడు వదినా," అన్నాడు మరిది. గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ ట్యాంకు వైపు తిరిగి కూడా చూడలేదు. నెలల తరబడి మొహం చూడని మరిదినే కళ్ళార్పకుండా చూస్తూ అడిగింది.

"అయితే... మీ అన్నయ్య ఒక్క రాత్రి కూడా రాలేదా?"