నూనె రాయని పానా

మధ్యాహ్నం మూడూ పది.

వాన అప్పుడే వెలిసింది. పెరట్లో రేకుల షెడ్డు. లోపల పనిబల్ల పక్కన పెద్దాయన బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. ఊపిరి లేదు. పక్కనే అడుగున్నర పొడవు పాత పానా. దాని కొసన నెత్తురు.

పోలీసులకు ఫోన్ చేసింది ఆయన కోడలు. భర్త పోయి ఆరేళ్లు. అప్పటినుంచి మామగారితో కలిసి ఈ షెడ్డులోనే ఆమె పని. ఎవరింట్లో ఇనప సామాను తుప్పు పట్టినా, కుట్టుమిషన్ చక్రమైనా సైకిల్ చైనైనా, ఇక్కడికొచ్చి కొత్తదై వెళ్లేది.

ఎస్సై వచ్చేసరికి మూడూ నలభై. ముప్పయ్యేళ్ల మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. ఆ మొండితనానికి ఇప్పటికే మూడు ట్రాన్స్‌ఫర్లు చూసింది.

"మీరెక్కడున్నారు?"

"నూనె కొట్టుకెళ్లాను. రెండుంపావుకి బయల్దేరాను," అంది కోడలు.

"కొన్నారా?"

"కొట్టు మూసుంది. అరగంట నిలబడి ఖాళీ సీసాతో తిరిగొచ్చాను."

"ఎవరైనా చూశారా?"

"అంత వానలో ఎవరు చూస్తారండీ?"

మెట్ల మీద నుంచి ఎవరో వెటకారంగా దగ్గారు. పెద్దాయన అల్లుడు. భార్యతో పై వాటాలో ఉంటాడు. నున్నగా దువ్విన జుట్టు. అరచేత్తో దాన్ని ఒకసారి సవరించుకుంటే తప్ప మాట్లాడలేడు.

"ఇంకా అడిగేదేముంది మేడం? ఈ షెడ్డు రేపు ఆవిడ పేర రిజిస్టర్ చేస్తానన్నారు మామగారు. పొద్దున మనసు మార్చుకున్నారు. అదీ సంగతి."

"పచ్చి అబద్ధం," అంది కోడలు.

"మీరెక్కడున్నారు?" ఎస్సై అతని వైపు తిరిగింది.

"పైన నిద్రపోతున్నా. ఈ నెలలో షెడ్డు గడపే తొక్కలేదు. మా ఆవిడ్ని అడగండి."

అతని భార్య, అంటే పెద్దాయన కూతురు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల ఊపింది.

మిగిలింది, ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి వెళ్లాడని ఎస్సై పిలిపించిన పాత సామాన్ల వ్యాపారి. రెండున్నరకు గేటు దగ్గర నిలబడి కేకేశానని, ఎవరూ పలక్కపోతే వెళ్లిపోయానని అన్నాడు. అతని బట్టతల చెమటకి మెరుస్తోంది.

"ఇది నా నెత్తిన వెయ్యకండి తల్లీ. వెంట్రుకలే నిలవని నెత్తి, నేరమేం నిలుస్తుంది?"

నాలుగూ ఇరవైకి సీఐ ఫోన్.

"పానా మీద వేలిముద్రలు దొరికాయా?"

"లేవు సార్. పిడి అంతా తుప్పు పట్టేసింది, ప్రింట్లు రావని క్లూస్ టీమ్ వదిలేసింది."

"అయితే కోడలే. ఆరింటికల్లా స్టేషన్‌లో ఉండాలి."

"సాక్ష్యం లేదు సార్."

"మామ చచ్చిపడి ఉంటే ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదటగా!"

"అది ఏ సెక్షన్ కిందికొస్తుంది సార్?"

అవతల ఫోన్ ఠక్కున పెట్టేశారు.

కోడలికి అంతా వినపడింది. "ఏడిస్తే వదిలేస్తారా? ఆయన నాకు పని నేర్పిన మనిషి. ఆయన కోసం నేనెప్పుడు ఏడవాలో నాకు తెలుసు. మీ కోసమైతే ఏడవను. ఏ కాయితం మీదా సంతకం పెట్టను."

ఎస్సైకి ఆమె నచ్చింది. పానా ముందు గొంతుక్కూర్చుంది.

"దీన్నింకా శుభ్రం చెయ్యలేదా?"

"ఎందుకు చెయ్యలేదు? రెండింటికి, తుప్పు వదలగొట్టే వెనిగర్ తొట్టిలోంచి నేనే తీశాను. కడిగి, తుడిచి బల్ల మీద పెట్టాను. తళతళలాడింది."

"మరి ఈ తుప్పు?"

"వెనిగర్‌లోంచి తీసిన ఇనుము చెక్కు తీసిన ఆపిల్ ముక్క లాంటిదండీ. వెంటనే నూనె రాయకపోతే, ఇలాంటి వానలో గంటకే ఎర్రబడుతుంది. డబ్బాలో నూనె ఉందో లేదో చూసుకోకుండా బయటికి తీశాను. నేను చేసిన తప్పు అదొక్కటే. మా పనిలో అంతకు మించిన తప్పు లేదు."

"మరి ఇక్కడెందుకు ఎర్రబడలేదు?"

పిడి మీద ఎర్రటి తుప్పు మధ్య నాలుగు బూడిదరంగు పట్టీలు ఏటవాలుగా ఉన్నాయి. మూడు దగ్గరదగ్గరగా. నాలుగోది, సన్నది, ఎడంగా.

కోడలు వంగి చూసింది.

"నూనె తగిలిన చోట తుప్పు పట్టదు."

"మీ చేతి నూనేమో?"

"నూనెంటూ ఉంటే నేను కొట్టుకెందుకెళ్తానండీ?"

నాలుగూ నలభై అయిదు. వెనిగర్ తొట్టిలోంచి మూడు ఇనపకడ్డీలు తీయించి, కడిగించి, తుడిపించింది ఎస్సై. ముగ్గురికీ తలా ఒకటి ఇచ్చింది. నిమిషం పాటు గట్టిగా పట్టుకోమంది.

"ఏంటీ పిల్లాటలు?" అల్లుడు విసుక్కున్నాడు. జుట్టు సవరించుకుని కడ్డీ అందుకున్నాడు.

అయిదూ యాభైకి సీఐ జీపు దిగాడు. వెంట మహిళా కానిస్టేబుల్.

"ఏమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా? ఆమెను ఎక్కించు."

"పది నిమిషాలు ఆగండి సార్."

"ఇది ఆర్డర్."

"పది నిమిషాలయ్యాక సస్పెండ్ చెయ్యండి. ముందు ఇవి చూడండి."

బల్ల మీద మూడు కడ్డీలు. కోడలు పట్టుకున్నది మొత్తం ఎర్రబడింది. వ్యాపారిది కూడా అంతే. మూడోదాని మీద నాలుగు బూడిదరంగు పట్టీలు. మూడు దగ్గరగా, చిటికెన వేలిది ఎడంగా.

ఎస్సై దాని పక్కనే పానా పెట్టింది. రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి.

"తుప్పు పట్టింది కాబట్టి ముద్రలు లేవన్నారు సార్. ఆ తుప్పే ముద్ర వేసింది. ఈయన చేతికెప్పుడూ తల నూనే." అల్లుడి వైపు తిరిగింది. "షెడ్డు ఆమె పేర రాయొద్దని చెప్పడానికి కిందికి దిగారు. ఆయన వినలేదు. బల్ల మీద చేతికందింది తీశారు. గడపే తొక్కలేదన్నారుగా, మీ వేళ్లు దీని మీదికెలా వచ్చాయి?"

"నేను నిద్రపోతున్నా! మా ఆవిడ్ని అడగండి!"

అందరూ ఆమె వైపు చూశారు. పెద్దాయన కూతురు మెట్లు దిగి వచ్చింది. నోటి మీది చెయ్యి తీసేసింది.

"రెండూ నలభైకి ఈయన పెరట్లో కుళాయి దగ్గరున్నారు. సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కున్నారు. నేను కిటికీలోంచి చూశాను."

"నోర్ముయ్!"

"పొద్దుపోయేదాకా మూసుకునే ఉన్నాను కదండీ." ఆమె కోడలి వైపు తిరిగింది. "నిన్ను తీసుకుపోతారని తెలిసీ నా సంసారమే చూసుకున్నాను వదినా. అక్కడ పడున్నది మా నాన్న."

కోపం కోడలి ముఖంలో దాగలేదు. దాచుకోవాలని ఆమె అనుకోలేదు కూడా.

"కోర్టులో ఇదే మాట నాలుగుసార్లు తిప్పితిప్పి అడుగుతారు. నాలుగుసార్లూ ఇలాగే చెప్పాలి."

"నువ్వు నా పక్కన నిలబడతావా వదినా?"

"పక్కన నిలబడను. ఎదురుగా కూర్చుంటాను. నా కళ్లలోకి చూసి చెప్పు."