పీకేసిన లైన్లో రీడింగు

చనిపోయిన మనిషి మాట నమ్మాలంటే మీకు నీరు ఎంతదాకా రావాలండీ? మోకాళ్ల దాకానా, మెడ దాకానా?

నేను అలేఖ్యని. ఏలూరులో, కొల్లేరు నీటిమట్టాలు నమోదు చేసే ఆఫీసులో ఇంజనీర్ని. ఈ చర్చిలో మీతో వాదనకి రాలేదు. మధ్యాహ్నం ఏం జరిగిందో చెబుతాను, వినండి.

మా దగ్గర బీరువా అంత పాత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు ఉంది. మీ లంకలో నీటి లోతు కొలిచే గేజి రీడింగు ముందు రూటర్‌కి వస్తుంది. రూటర్ మాట మెయిన్‌ఫ్రేమ్‌కి అర్థం కాదు. మధ్యలో అరచెయ్యంత కార్డు, అడాప్టరు, దానికి అర్థమయ్యేలా అందిస్తుంది. గేజి చదివే ఎలీషా గారు, ఇదిగో ఈ నిర్మల గారి భర్త, మూడేళ్ల కిందట వరదలో పోయారు. అప్పట్నుంచి ఆ లైన్లో ఎవరూ లేరు. ఇవాళ అడాప్టరు తీసేయమన్నారు. పీకేశాను.

పీకేముందు, అవతల ఎవరూ లేరని మెయిన్‌ఫ్రేమ్‌కి కన్సోల్ నుంచి చెప్పాలి. చెప్పకపోతే అది రీడింగు అడుగుతూనే ఉంటుంది. నేను చెప్పలేదు. తప్పు నాదే.

బయట ముసురు. గదిలో ఏసీ హోరు దానంతటదే ఆగింది. గుర్రపుడెక్క కుళ్లిన వాసన... సన్నగా మొదలై గొంతులోకి దిగింది. అప్పుడు ప్రింటరు కదిలింది.

ఆపరేటరు బాలస్వామి గారు కాగితం చూసి గొంతు తగ్గించారు. "అడాప్టరు మళ్లీ పెట్టేశావా అమ్మా?"

"లేదండీ. నా చేతిలోనే ఉంది."

"కాలేజీలో డిబేటు కప్పులు కొట్టినదానివిగా. దీంతో వాదించు చూద్దాం." నవ్వబోయారు. నవ్వు రాలేదు.

కాగితం మీద వరుసగా పడుతున్నాయి. పది అడుగులు. చదివినవారు, ఎలీషా.

పదకొండు. ఎలీషా.

పన్నెండు...

నా చేతిలో కార్డు తడిసింది. అంచు నుంచి బొట్లు... నల్లగా... నేల మీద.

పై ఆఫీసరుకి ఫోన్ చేశాను. "లైనే లేనప్పుడు రీడింగేంటమ్మా, ఇంటికెళ్లి పడుకో" అన్నారు. మీరూ అలాగే అనుకోండి. నీరు రాకపోతే రేపు ఏలూరొచ్చి నా మొహం మీదే నవ్వండి, పడతాను.

ఆఖరి వరుసని బాలస్వామి గారు చించి జేబులో పెట్టుకోబోయారు. లాక్కున్నాను. ఇదిగో. పద్నాలుగు అడుగులు. అంటే ఈ కిటికీ పైఅంచు. టైము, ఇవాళ సాయంత్రం ఆరున్నర. ఇప్పుడు ఐదూ పది. చదివినవారి పేరు ఎలీషా కాదు.

నిర్మల.

రేవులో మూడు పడవలున్నాయి. నిర్మల గారూ, ముందు మీరు లేవండి. మిగతావాళ్లు పిల్లల్ని ఎత్తుకోండి.