వదినతో దుప్పటి మడత

"బాంబున్న లాంచీ బయల్దేరిపోయింది. రేవులో ఆయిల్ షిప్ పక్కకు రాగానే విదేశీ ముఠా రిమోట్ నొక్కుతుంది. మధ్యలో ఆపితే అక్కడే నొక్కేస్తారు," అన్నాడు చీఫ్, టీలో బిస్కెట్ ముంచుతూ.

ఏజెంట్ పిచ్చుక లేచి నిలబడింది. చెవిపోటుతో ఏడుస్తున్న ఆమె పాపను డాక్టర్ దగ్గరికని అత్తగారు తీసుకొస్తున్నది ఆ లాంచీలోనే.

"వాళ్లకి అందాల్సిన రిమోట్ లోకల్ గ్యాంగ్ లీడర్ బుల్లెట్ అన్న దగ్గరుంది. నెమలి కన్ఫర్మ్ చేసింది."

నెమలి హోటల్లో పాటలు పాడే అందగత్తె. ఆ విదేశీ ముఠాలో ఉంటూ సీక్రెట్ సర్వీసుకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆ పేరెత్తితే చాలు, చీఫ్ టై సర్దుకుంటాడు.

"అన్న ఉత్త దిష్టిబొమ్మ సార్. గ్యాంగ్‌ని నడిపేది లాండ్రీ వదిన. మూడు రిపోర్టులు రాశాను."

"వదినంటే లీడర్ తాలూకు ఆడమనిషి. మన స్లాంగ్ బుక్‌లో ఉంది."

"ఆ బుక్ ఎవర్ని అడిగి రాశారు?"

"జైల్లో ఉన్న గ్యాంగ్ వాళ్లని."

"అందరూ మగాళ్లేగా."

"నువ్వు అన్నని చూస్తే హెయిర్‌పిన్ రేడియో నొక్కు. మిగతాది మేం చూసుకుంటాం."

గోడకు చెప్పుకున్నా కాస్త సున్నమైనా రాలేది.

రెండు నెలలుగా ఆమె ఆ లాండ్రీలో ఇస్త్రీ మనిషి. చేరిన కొత్తలో, బట్టీ పట్టిన స్లాంగ్ ఒలకబోస్తూ, "సామాను ఎక్కడ?" అని అడిగింది. వదిన నవ్వలేదు. "సబ్బు కావాలంటే సబ్బని అడుగు పిల్లా. సామాను, స్కెచ్, లేపెయ్యడం... ఆ కూతలన్నీ వీధిలో మగాళ్లవి. వాళ్లు కూస్తుంటే పోలీసులు అటు చూస్తారు. మనకి పని జరుగుతుంది."

పని జరిగే పద్ధతి ఒకటే. వదినతో దుప్పటి మడవడానికి ఎవరిని పిలిస్తే, ఆ రోజు సరుకు వాళ్లది. చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడుస్తారు, మూలలు కలుస్తాయి, సరుకు చేతులు మారుతుంది. పక్కన పోలీసు నిలబడ్డా వాడికి కనబడేది దుప్పటే. అదీ రిపోర్టులో రాసింది. చీఫ్ మార్జిన్‌లో 'ఇంటిపని, అనవసరం' అని రాసి తిప్పి పంపాడు.

ఆమె లాండ్రీకి తిరిగొచ్చి ఇస్త్రీపెట్టె అందుకునేసరికి బయట కారు ఆగింది. హోటల్ దుప్పట్ల కోసమంటూ నెమలి లోపలికొచ్చింది. హైహీల్స్, మెరిసే గోళ్లు.

"రామ్మా, ఓ చెయ్యి వెయ్యి," అంది వదిన.

నెమలి పర్సు మోచేతికి తగిలించుకుని అలవాటుగా కొస పట్టుకుంది. పిచ్చుక అటు తిరిగి హెయిర్‌పిన్ నొక్కి గుసగుసలాడింది.

"సార్, రిమోట్ నెమలికి అందుతోంది."

"నెమలి మన మనిషి. అన్న టీకొట్టు దగ్గరున్నాడు, చుట్టుముట్టాం. లైన్ ఖాళీ చెయ్యి."

కిటికీలోంచి లాంచీ ఆయిల్ షిప్ వైపు తిరగడం కనబడింది. ఆ డెక్ మీద పాప చెవి పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇక్కడ మూలలు కలిశాయి. నెమలి బొటనవేలు మడతలోకి దూరింది.

ఆర్డర్ కోసం ఎదురుచూసే ఓపిక పిచ్చుకకు ఆ క్షణంతో అయిపోయింది. దుప్పటి మధ్యలో పట్టుకుని ఒళ్లంతా బరువేసి లాగింది. రిమోట్‌తో సహా ఊడొచ్చిన దుప్పటిని సబ్బునీళ్లు మరుగుతున్న గంగాళంలో కుక్కింది. నెమలి పర్సులో పిస్టల్ కోసం వెతికేలోగా ఇస్త్రీపెట్టె ఆమె మణికట్టుకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"కదిలితే తోలు దీనికే అంటుకుపోతుంది."

రేవులో లాంచీ కూత వేసింది. మామూలుగా, బద్ధకంగా. పిచ్చుకకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. చెయ్యి మాత్రం దించలేదు.

వదిన పారిపోలేదు. బుట్ట మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. తలుపు తోసుకుని చీఫ్ వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. "అన్న దొరికాడు!"

పిచ్చుక గంగాళం చూపించింది, తర్వాత నెమలిని చూపించింది. చీఫ్ చెయ్యి టై దాకా వెళ్లి ఆగిపోయింది.

బేడీలు వేయించుకుంటూ వదిన నిట్టూర్చింది. "పదిహేనేళ్లు గ్యాంగ్ నడిపింది నేను. రేపు పేపర్లో ఫొటో మాత్రం బుల్లెట్ అన్నది. మీలో ఎవరిది వేస్తారు పిల్లా?"

"సీక్రెట్ సర్వీసులో ఫొటోలు వెయ్యరు వదినా."

వదిన చీఫ్‌ని ఎగాదిగా చూసింది. "అంటే, ఈయనదన్నమాట."